తాళంచెవి జేబులో ఉందా?

ఏప్రిల్ చివరి వారం. యాసంగి కోతలు అయిపోవస్తున్నాయి. మా గొల్లపల్లి మండలంలో ఏ రోడ్డు చూసినా సగం వడ్లు, సగం బండ్లు. అలాంటి రోజుల్లోనే మా ఊరికి దగ్గర్లో ఓ పాత రోడ్డు మీద కొత్తగా తారు పొర వేసే పని మొదలైంది. మా అక్క కొడుకు ఆ పనిలో బాబ్‌క్యాట్ ఆపరేటర్‌గా చేరి అప్పటికి ఇరవై రోజులు. "మామా, ఒక్కసారి వచ్చి చూడు, నువ్వు దుబాయిల నడిపిన మిషనే" అని రెండుమూడు సార్లు ఫోన్ చేశాడు. ఆ రోజు జగిత్యాలలో పని చూసుకుని వస్తూ వాడి దగ్గర బండి ఆపాను.

అక్కడ కనబడింది చూసి నా కాళ్లు చల్లబడ్డాయి.

మిషన్ ముందు బిగించిన గుండ్రని చీపురుకు ఎవరో రైతు వదిలేసిన టార్పాలిన్ ముక్క, దాని నైలాన్ తాడు చుట్టుకున్నాయి. ఇంజన్ నడుస్తూనే ఉంది. మావాడు కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ కుచ్చుల్లో పెట్టి తాడు గుంజుతున్నాడు. పైన సీట్లో హెల్పర్ పిల్లగాడు కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. వాడి మోచేయి జాయ్‌స్టిక్‌కు జానెడు దూరంలో ఉంది.

"ఇంజన్ బంద్ చెయ్ రా!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, పక్కన వడ్లు నేర్పుతున్న ఆడవాళ్లు కూడా ఆగిపోయారు.

పిల్లగాడు బెదిరిపోయి తాళం తిప్పాడు. మావాడి ముఖం మాడిపోయింది. "గంతమంది ముంగట గట్ల ఒర్రుతవా మామా? చీపురు ఆపే దిగిన గదా" అన్నాడు.

చీపురు ఆగడం వేరు, మిషన్ ఆగడం వేరు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఎంతో నాకు తెలుసు. రెండు వేళ్లంత. కానీ అక్కడ ఏమీ చెప్పలేదు. "రాత్రికి ఇంటికి రా" అని మాత్రం అన్నాను.

* * *

బాబ్‌క్యాట్ అంటే నిజానికి ఒక కంపెనీ పేరు. అయినా దుబాయిలోనైనా మన దగ్గరైనా ఏ కంపెనీ చిన్న లోడర్‌నైనా అదే పేరుతో పిలుస్తాం. దీని పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో టర్కీ కోళ్లు పెంచే ఒక రైతుకు కోళ్ల కొట్టంలో పెంట ఎత్తిపోయడం పెద్ద కష్టంగా ఉండేది. పెద్ద ట్రాక్టరు స్తంభాల మధ్య తిరగలేదు, పై అంతస్తు ఆ బరువు మోయలేదు. సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు 1957లో ఆయన కోసం మూడు చక్రాల చిన్న లోడర్ చేసి ఇచ్చారు. 1960లో దానికి నాలుగో చక్రం వచ్చింది. 1962లో బాబ్‌క్యాట్ అని పేరు పెట్టారు. అంటే ఈ మిషన్ పుట్టిందే ఊడ్చి ఎత్తే పని కోసం.

ముందు బకెట్ తీసేసి చీపురు తగిలిస్తే అదే మిషన్ రోడ్లు ఊడుస్తుంది. పొడవాటి ఇరుసు మీద గాజుల్లాంటి చక్రాలు వరుసగా ఎక్కిస్తారు. ఒక్కో చక్రం చుట్టూ ప్లాస్టిక్ కుచ్చులో, ఉక్కు తీగలో, రెండూ కలిపో ఉంటాయి. దుమ్ముకు ప్లాస్టిక్ చాలు. అంటుకుపోయిన మట్టిని గీకాలంటే ఉక్కు తీగ కావాలి. లోడర్ నుంచి హోస్ పైపుల్లో వచ్చే హైడ్రాలిక్ ఆయిల్ మోటారును తిప్పుతుంది, మోటారు చీపురును తిప్పుతుంది.

తారు రోడ్డుకు ఈ ఊడ్చుడు ఎందుకంత ముఖ్యమో చాలామందికి తెలియదు. పాత పొర మీద పలుచగా తారు పిచికారీ చేసి, దాని మీద కొత్త పొర వేస్తారు. కింద దుమ్ము ఉంటే ఆ తారు దుమ్మును పట్టుకుంటుంది, రోడ్డును పట్టుకోదు. రెండు వానలు పడగానే కొత్త పొర రొట్టెలాగా లేచిపోతుంది. రోడ్డు ఏడాదికే పోయిందని అందరం కాంట్రాక్టరును తిడతాం. ఒక్కోసారి తప్పు తారుది కాదు, ఊడ్చుడుది.

నేను 2006లో పోయి 2019లో తిరిగి వచ్చాను. పదమూడేళ్లలో తొమ్మిదేళ్లు బాబ్‌క్యాట్ మీదే గడిచాయి. అందులో సగం రోజులు ముందు చీపురే ఉండేది. "దుబాయి పోయి ఏం పని చేసినవ్?" అని అడిగితే "ఊడ్చిన" అని చెప్పేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

* * *

రాత్రి అన్నం తిన్నాక వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాం. మావాడు ఇంకా అలిగే ఉన్నాడు. అప్పుడు చెప్పాను, పద్నాలుగేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి.

2011 ఆగస్టు. షార్జా దగ్గర రోడ్డు పని. ఎండాకాలంలో అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉంటుంది. మంచి చట్టమే. కానీ దానివల్ల పన్నెండింటికి ముందు అందరికీ తొందర. తారు మిక్స్ లారీలు దారిలో ఉన్నాయి, మిక్స్ చల్లబడితే పనికిరాదు, ఊడ్చుడు కాలేదు. ఫోర్‌మన్ ఫోన్ మీద ఫోన్.

చీపురుకు బైండింగ్ వైరు చుట్టుకుంది. నేను చీపురు ఆపాను. ఇంజన్ ఆపలేదు. ఎందుకంటే ఇంజన్ ఆపితే ఏసీ ఆగిపోతుంది. బయట నలభై అయిదు డిగ్రీలు. రెండు నిమిషాల పనికి ఏసీ ఎందుకు ఆపాలనుకున్నాను. నాతో పనిచేసే కోరుట్ల దిక్కు మనిషి, నాకన్నా ఆరేళ్లు పెద్ద, నేను "అన్నా" అని పిలిచేవాణ్ని, "నువ్ కూసో తమ్మీ, నేను తీస్త" అని ముందుకు పోయి చెయ్యి పెట్టాడు. చేతికి తొడుగు ఉంది.

చీపురు తిప్పే స్విచ్ కుడిచేతి జాయ్‌స్టిక్ మీద బొటనవేలి కింద ఉంటుంది. నేను అన్న ఏం చేస్తున్నాడో చూద్దామని కొంచెం ముందుకు వంగాను. వంగినప్పుడు చెయ్యి జాయ్‌స్టిక్ మీద ఆనింది. అంతే. చీపురు ఒక్క చుట్టు కూడా తిరగలేదు, సగం తిరిగింది. తొడుగు ఉక్కు తీగకు తగులుకుంది.

రెండు వేళ్లు పోయాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు.

మరుసటి రోజు కంపెనీ ఆఫీసులో నా ముందు ఒక కాగితం పెట్టారు. కార్మికుడు అనుమతి లేకుండా, తన నిర్లక్ష్యం వల్ల చెయ్యి పెట్టాడని అందులో ఉంది. స్విచ్ మాట లేదు, ఇంజన్ మాట లేదు. చదివి చెప్పినవాడు "సంతకం పెట్టు, లేకపోతే నీ మీదికి వస్తది" అన్నాడు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటిమీద మూడు లక్షల అప్పు. పెట్టాను.

అన్నకు వచ్చిన పైసలు తక్కువ. మూడు నెలలకు ఇంటికి వచ్చేశాడు. నేను ఇంకో ఎనిమిదేళ్లు అదే మిషన్ నడిపాను.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు. "ఆయనకు చెప్పినవా మామా?"

"లేదు."

* * *

మరునాడు ఆదివారం, పనికి సెలవు. పొద్దున్నే ఇద్దరం మిషన్ దగ్గరికి పోయాం. నాకు తెలిసిందంతా వాడికి వరుసగా చెప్పాను. ఇక్కడ రాస్తున్నది కూడా అదే. గల్ఫ్‌కు పోయేవాళ్లకు, ఇక్కడే నడిపేవాళ్లకు ఎవరికైనా పనికొస్తుందని.

మొదటిది, దిగే పద్ధతి. చాలా లోడర్లలో తలుపు క్యాబిన్ ముందే ఉంటుంది. అంటే చీపురు మీది నుంచే ఎక్కాలి, దిగాలి. కాబట్టి దిగే ముందు చీపురు ఆపాలి, చేతులు పూర్తిగా నేలకు దించాలి, పార్కింగ్ బ్రేకు వేయాలి, ఇంజన్ ఆపాలి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. జేబులో వేసుకోవడం ముఖ్యం. తాళం మిషన్‌కే ఉంటే, ఇంకొకడు ఎక్కి స్టార్ట్ చేయడానికి ఎంతసేపు? తర్వాత చీపురు పూర్తిగా నిలిచిందా అని కంటితో చూసుకోవాలి. చిక్కిన తాడు చేత్తో గుంజకుండా, కొంకి కర్రతో తీయాలి. కోయాల్సి వస్తే కత్తి. ఇంజన్ నడుస్తుండగా చీపురు దగ్గరికి ఎవరూ రావద్దు, దేవుడే వచ్చినా సరే.

ఎత్తిన చేతుల కిందికి పోవద్దు. పోక తప్పని రిపేరు ఉంటే, చేతులకు అడ్డంగా పెట్టే ఇనుప ఆసరా మిషన్‌తోనే వస్తుంది, అది పెట్టాకే పోవాలి. నడుపుతున్నప్పుడు తల గానీ మోచెయ్యి గానీ క్యాబిన్ బయట పెట్టకూడదు. చేతులు క్యాబిన్‌కు రెండు పక్కలా ఆనుకునే లేస్తాయి, దిగుతాయి. సీటు బెల్టు, ముందు అడ్డంగా దించే సీటు బార్, రెండూ ఉండాలి. సెన్సరుకు వైరు కట్టి బార్ దించకుండా నడిపే ఘనులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

చీపురు తగిలించినప్పుడు రెండు లివర్లూ పూర్తిగా దిగాయా, కింది పిన్నులు చీపురు ఫ్రేమ్ రంధ్రాల్లోంచి బయటికి వచ్చాయా అని దిగి చూడాలి. సీట్లోంచి చూస్తే సరిపోదు. ఒక్క పిన్ను పట్టకపోయినా చీపురు దారిలో ఊడిపడుతుంది.

రెండోది, ఆయిల్. ఈ పైపుల్లో ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది. కారు టైరులో గాలికి దాదాపు వంద రెట్లు. పైపుకు సూది మొనంత రంధ్రం పడితే వచ్చే ఆయిల్ కంటికి కూడా కనబడదు, కానీ తోలు చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న ముల్లు గుచ్చినట్టే ఉంటుంది, నొప్పి కూడా మొదట తక్కువే. పసుపు పెట్టుకుని ఇంటికి పోతే చెయ్యే తీసేయాల్సి రావచ్చు. గంటల్లో ఆపరేషన్ జరగాలి. దవాఖానకు పోయి "హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయింది" అని ఆ మాటతోనే చెప్పాలి. లీకేజీ వెతకాలంటే చెయ్యి పెట్టొద్దు, అట్టముక్క పెట్టాలి. పైపులు విప్పే ముందు ఇంజన్ ఆపి, మిషన్ పుస్తకంలో చెప్పినట్టు ఒత్తిడి తీసేయాలి. కప్లర్లు తగిలించే ముందు శుభ్రమైన గుడ్డతో తుడవాలి. చిటికెడు ఇసుక లోపలికి పోతే మోటారు పాడవుతుంది.

మూడోది, ఊడ్చే పద్ధతి. ఊడ్చేది కుచ్చుల కొసలు, వాటి నడుములు కాదు. మావాడు చీపురును నేలకు అదిమి నడుపుతున్నాడు. అలా చేస్తే కుచ్చులు వంగి నేల మీద పడుకుంటాయి, దుమ్ము అక్కడే ఉంటుంది, చీపురు మాత్రం అరిగిపోతుంది. దీనికో పరీక్ష ఉంది. దుమ్మున్న చదునైన చోట మిషన్ నిలిపి, కదలకుండా, చీపురును మెల్లగా ఓ అర నిమిషం తిప్పాలి. తర్వాత పైకెత్తి, మిషన్ వెనక్కి తీసి చూడాలి. నేల మీద చీపురు పొడవునా ఒకే వెడల్పుతో చార కనబడాలి. ఆ చార రెండు నుంచి నాలుగు అంగుళాలుంటే సరి. ఎక్కువుంటే అదుముతున్నట్టు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం ఉంటే చీపురు వాలి ఉన్నట్టు. మావాడి చార చూస్తే ఒక కొస ఎనిమిది అంగుళాలు, ఇంకో కొస మూడు. బోల్టు సరిచేసి మళ్లీ చూస్తే సమానంగా వచ్చింది. వాడి ముఖంలో అప్పుడు కొంచెం వెలుగు వచ్చింది.

వేగం కూడా అంతే. మనిషి నడక కన్నా తొందర వద్దు. చీపురు ఎంత జోరుగా తిరిగితే అంత దుమ్ము లేస్తుంది, అన్ని రాళ్లు ఎగురుతాయి, ప్లాస్టిక్ కుచ్చులు వేడెక్కి అరుగుతాయి. చెత్త కుప్పలుగా ఉంటే ముందు బకెట్‌తో ఎత్తేయాలి, చీపురుతో నెట్టొద్దు. గాలి ఎటు పోతుందో చూసి, చీపురు మూతి అటు తిప్పుకోవాలి. ఎగిరిన కంకర రాయి మనిషి కన్ను పోగొడుతుంది. చుట్టుపక్కల మనుషులను ముందే దూరంగా పంపాలి. మా రోడ్ల మీద వడ్లు ఆరబోసినవాళ్లు ఉంటారు. వాళ్లను తిట్టకుండా, ఒక రోజు ముందే చెప్పి, ఆ ముక్క వదిలి ఊడ్చి, వడ్లు ఎత్తాక మిగతాది ఊడ్చాలి. ఆ తాళ్లూ టార్పాలిన్ ముక్కలూ ముందే నడిచి ఏరేస్తే చీపురుకు చుట్టుకునే పనే ఉండదు. పది నిమిషాల నడక అది.

నాలుగోది, దుమ్ము. రాతిపొడిలో సిలికా ఉంటుంది. అందులో ప్రమాదకరమైన రేణువు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయి మచ్చలు చేస్తుంది. సిలికోసిస్ అంటారు, వస్తే పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే ఈ సిలికాను క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. మెడలో రుమాలు ముక్కుకు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. ఎన్95 లాంటి మాస్క్ ముఖానికి అతుక్కునేలా ఉండాలి. అన్నిటికన్నా మేలు నీళ్లు. చీపురు మీద చిన్న ట్యాంకు, నాజిళ్లు పెట్టుకోవచ్చు. లేదంటే ముందు ట్యాంకరుతో తడపవచ్చు. బురద కాకుండా, దుమ్ము లేవనంత. తారు కొట్టే ముందు మాత్రం రోడ్డు ఆరాలి.

ఇది చెబుతుంటే మావాడు నవ్వాడు. "అమ్మమ్మ గూడ గిదే చెప్తది గదా మామా. ఇల్లూడ్చే ముందు నీళ్లు చిలకరియ్యి అని."

నిజమే. మా అమ్మ ఇంకో మాట కూడా చెప్పేది. పొరకను కుచ్చుల మీద నిలబెట్టొద్దు, వంగిపోతది అని. మిషన్ చీపురుకూ అదే సూత్రం. పని అయ్యాక స్టాండ్ కాళ్లు దించి, బరువు వాటి మీద పడేలా పెట్టాలి. కుచ్చుల మీద పెడితే ఓ వారంలో ఒక పక్క చదునుగా అణగిపోతుంది. తిప్పితే ఎగిరెగిరి ఊడుస్తుంది, బేరింగులు కూడా దెబ్బతింటాయి. ఎండలో కాకుండా నీడలో పెట్టాలి. రోజూ పొద్దున గ్రీజు, బోల్టులు, పైపులు చూడాలి. లోడర్ రేడియేటరు, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతాయి కాబట్టి వాటినీ చూడాలి.

మన దగ్గర చాలాచోట్ల ట్రాక్టరు వెనక కట్టే చీపుర్లే ఎక్కువ. వాటిలో కొన్నిటిని తిప్పేది ట్రాక్టరు పీటీఓ షాఫ్టు. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. దాని మీది ప్లాస్టిక్ కవరు పగిలితే చాలామంది తీసి పడేస్తారు. పక్కన ఊడ్చే ఆడవాళ్ల చీర కొంగు దానికి అందితే "ఆపు" అనే లోపలే అయిపోతుంది. కవరు లేని షాఫ్టు నడపనని చెప్పడం ఆపరేటరు హక్కు. కొంగు నడుముకు దోపుకోండి, దగ్గరికి రాకండి అని చెప్పడం ఆపరేటరు పని.

ఇంకొక్క మాట, బయటి దేశం పోయేవాళ్లకు. ఇమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టు మీద పోయేవాళ్లకు 2003 నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ప్రమాదంలో చనిపోయినా, ఉద్యోగం పోయేంత శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ఆ కాగితం ఒక కాపీ ఇంట్లో ఉంచి పోండి. నేను పోయినప్పుడు ఆ కాగితం ఎక్కడుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఇక చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. మీకోసమే కాదు, పక్కవాడి కోసం కూడా.

* * *

మధ్యాహ్నం మావాడే బండి తీశాడు. "కోరుట్ల పోదాం పా మామా" అన్నాడు.

అన్నది చిన్న కిరాణా దుకాణం. నన్ను చూసి లేచి వచ్చి, ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నాడు. మూడు వేళ్ల పట్టు. చాయ్ తెప్పించాడు. తాగడం అయ్యాక చెప్పాను. స్విచ్ సంగతి, కాగితం సంగతి, రెండూ. గొంతు ఆరిపోయింది, కానీ ఆగకుండా చెప్పాను.

అన్న గల్లాపెట్టె వైపు చూస్తూ కొంతసేపు ఊరుకున్నాడు.

"గా రోజే తెల్సు తమ్మీ" అన్నాడు. "మిషన్ దానంతటది తిరగది గదా. స్విచ్చిది ఎన్నడు మనసుల పెట్టుకోలే, నేను గూడ ఇంజన్ బంద్ చెయ్యమని అనలే. గని కాయితమున్నదే, అది మాత్రం బాధయ్యింది. నువ్ వస్తవని శాన ఏండ్లు చూసిన."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. లేవబోతుంటే "పిల్లగాడు గూడ గదే పనా?" అని మావాణ్ని అడిగాడు. అవునన్నాడు వాడు. అన్న తన చెయ్యి వాడి ముందు చాపాడు. ఏమీ అనలేదు. వాడు కూడా ఏమీ అనలేదు, చూశాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం వాడికి ఫోన్ చేస్తాను. అన్నం తిన్నావా, పని ఎక్కడి దాకా వచ్చింది అని అడగను. "తాళంచెవి జేబులో ఉందా?" అని అడుగుతాను. మొదట్లో విసుక్కునేవాడు. మొన్న నేను అడగకముందే వాడే చెప్పాడు. "నా జేబుల ఉన్నది మామా. హెల్పర్‌కు గూడ చెప్పిన, నేను కింద ఉంటె సీట్ల కూసోవద్దని."